మూడు నోర్ల జీవి ఎవలది?

కరీంనగర్‌లో ఒక ఇంటి పై అంతస్తు. సైన్స్ కథల రచయిత భానుప్రసాద్ స్టూడియో అది. కాగజ్‌నగర్ నుంచి వచ్చిన క్యాథరిన్ ఆయనకు ఎదురుగా కూర్చుంది. ఆదివారం మధ్యాహ్నం.

"గ్రహాంతరవాసి అనే మాట మీదెట్లయితది సార్?"

"మాట నాదని నేనన్లే చెల్లె. ఆ మాటను కథల వాడిన తీరు నాది అన్న."

"మా బాపు వాడిన తీరు వేరే కదా."

"ఏం వేరే? మీదికెళ్లి ఒక జీవి దిగుతది. మనుషులు భయపడ్తరు. దిగుతదా, లేదా?"

"దిగుతది."

"మరి నా పుస్తకంల గూడ దిగుతది. నాది ముందు దిగింది."

"కాలయంత్రం?"

"అది సుత నాదే. మరమనిషి నాది. మాయమయ్యే మనిషి నాది. ఇవన్నీ నేను ఎప్పుడో రాసి పెట్టిన. చెల్లె, నువ్వు గింత దూరం వచ్చింది కొట్లాటకా, మాట కలుపుకునేతందుకా? ముందు గది చెప్పు. చాయ్ చల్లారుతుంది, తాగు."

"కలుపుకునేతందుకే వచ్చిన సార్. కొట్లాడే బలం మాకెక్కడిది. కథలు మీవేనని మా యూట్యూబ్ చానల్ మీద రెండు కాపీరైట్ స్ట్రైకులు అప్పుడే కొట్టిన్రు. మొన్న మూడోది కొట్టిన్రు. మూడు వడితే వారంల చానల్ మొత్తం తీసేస్తరట."

"తీసేస్తరు. రూల్ అది. నేను పెట్టిన రూల్ కాదు."

"జర దయ చూపియ్యాలె సార్."

"పోతే ఇంకోటి పెట్టుకో. చిన్నదానివి, చేతిల ఫోనుంది, గొంతుంది."

"మా బాపు గొంతు గా చానల్లనే ఉంది సార్. ఇంక యాడ లేదు. బాపు పోయిండు కదా."

"పోయిండా? ఎప్పుడు?"

"ఈస్టర్ ముంగట."

"అరె. నాకు తెల్వదు. మిల్లుల పని చేసేటోడని చెప్పిన్రు ఎవలో."

"కాయిదం మిల్లుల. మిల్లు మూతవడ్డప్పుడు పోరగాండ్లు ఆగమయితున్నరని చర్చి అరుగు మీద కూసోవెట్టి కథలు చెప్పేది. చుక్కలకెళ్లి ఒక పురుగు దిగి మిల్లుల కాయిదమంత తినుకుంట పోతదని, దాని కడుపుల నుంచి పోరగాండ్లు పలకలు, పుస్తకాలు గుంజుకొస్తరని. అప్పటి కథలే సార్. నేను పెద్దగయినంక ఫోన్ల రికార్డు చేసి చానల్ల పెట్టిన."

"పురుగంటే గ్రహాంతర జీవే కదా మరి. నాది గూడ..."

"అవును సార్. మీది గూడ దిగింది. చెప్పిన్రు."

"పెద్దమనిషే కదా చెల్లె. వయసయింది, పోయిండు. ఏం చేస్తం."

"వయసుకు కాదు. మీరు లైవ్‌ల బాపును దొంగ అన్నరు, యాదికుందా? కథలు దొంగతనం చేసే ముసలోడు అని."

"ఏదో ఆవేశంల అనుంట. వీడియో నడుస్తుంటే నోరు ఆగదు."

"గా ముక్క మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపుల వడ్డది. బాపు సంఘ పెద్ద. నాకు ఊహ తెలిసిన సంది ఆదివారం కానుక సంచి పట్టుకొని బెంచీల నడుమ తిరిగేది బాపే. ఎవలేమన్లే సార్. పాస్టరు గారు సుత ఏమన్లే. గా ఆదివారం బాపే లేచి సంచి తీసుకపోయి బల్ల మీద పెట్టిండు. దొంగ అనిపించుకున్న చేతిల కానుక ఉండద్దు అన్నడు. పోయి ఆఖరు బెంచీల కూసున్నడు. మల్ల ముంగటికి రాలే."

"సంచి కింద పెట్టమని నేను చెప్పిన్నా?"

"చెప్పలే."

"మరి?"

"ఏం లేదు సార్. ఊకనే చెప్పిన."

"నాది తప్పయితే మీరు ఎదురు అర్జీ పెట్టుకోవాల్సింది. దానికి సుత రూల్ ఉంది."

"పెడ్తే కోర్టుకు పోవాలె. పేషీలకు తిరుగాలె. మేము తిరుగమని మీకు తెలుసు."

"నాకేం తెలుసు."

"తెలుసు సార్."

"సరే, సరే. అసలు సంగతికొద్దాం. మూడు నోర్ల జీవి."

"ఆ, సార్."

"మొన్న నువ్వు పెట్టినవు కదా, కొత్త కథ. బాగ నడిచింది."

"నడిచింది. ఆదిలాబాద్ దిక్కు ఏ హోటల్ల చూసినా గదే ముచ్చట."

"హైదరాబాద్ నుంచి సినిమావోల్లు నాకు ఫోన్ చేసిన్రు. సిరీస్ తీస్తరట. జీవి మీదేనా సార్ అని అడిగిన్రు. నాదే అన్న."

"మీ పుస్తకంల మూడు నోర్ల జీవి ఉందా సార్?"

"ఆరు చేతుల జీవి ఉంది."

"చేతులు, నోర్లు ఒకటేనా?"

"ఎక్కువ అవయవాలున్న జీవి అనే ఆలోచన నాది చెల్లె. అది చేతులైతేంది, నోర్లైతేంది."

"మీరు ఆ వీడియో చూసిన్రా సార్?"

"చూసుడేంది? నా జీవిని నేను మల్ల చూడాల్నా?"

"చూడకుండనే స్ట్రైక్ కొట్టిన్రా?"

"కంప్యూటర్ల గ్రహాంతరవాసి అని కొడ్త. ఎవలెవలు ఆ పేరు వెట్టుకున్నరో అన్నీ వస్తయి. ఒక్కదాని తర్వాత ఒకటి అర్జీ పెట్టుకుంట పోత. అన్నీ చూసుకుంట కూసుంటే నేను రాసుడెప్పుడు?"

"నిజమే. రాసేటోల్లకు తీరిక ఉండదు."

"ఇగ ఇను. నువ్వు నా పక్కన కూసోని లైవ్‌ల ఒప్పుకోవాలె. ఆ జీవి భానుప్రసాద్ గారిదే అని. అప్పుడు హైదరాబాదోల్లకు ఏ ఫికర్ ఉండదు."

"ఒప్పుకుంట సార్. కానీ ముందు బాపు కథల మీద ఉన్న ఆ రెండు వాపసు తీసుకోండ్రి."

"ముందు లైవ్."

"ముందు వాపసు సార్. నేనొక్కదాన్ని వచ్చిన, మీ ఇంట్ల కూసున్న. ఒప్పుకోకుండ యాడికి పోత?"

"తెలివిగల్లదానివే."

"మీ దగ్గర్నుంచి వచ్చిందే సార్ ఏ తెలివయినా."

"ఆగు... లాగిన్ కానీ... ఇగో, మొదటిది. ఇగో, రెండోది. మూడోది మాత్రం ఉంటది, అది నా జీవి. చూసుకో నీ ఫోన్ల."

"వచ్చింది సార్. వాపసు తీసుకున్నట్టు వచ్చింది."

"ఏడుస్తున్నవా?"

"బాపు వీడియోలు మల్ల కనవడుతున్నయి. అవ్వకు చెప్పాలె."

"తర్వాత చెప్పుదువు తీ. మీ అవ్వది ఏ ఊరు?"

"బోథ్. మా తాత, అవ్వోళ్ల బాపు, ఆడ బందెల దొడ్డి కావలుండె. చేన్ల వడ్డ పశువులను తోలుకొచ్చి కట్టేస్తరు చూడుండ్రి, గా దొడ్డి."

"ఎరుకే. మా దిక్కు గూడ ఉండె. పశువు మేసినదానికి దాని ఆసామి కట్టి ఇడిపించుకపోవాలె."

"గదే సార్. ఒకపారి మంచి పాడి బర్రె వచ్చిందట దొడ్డికి. ఎవలదో తెల్వదు, దాని కోసం ఎవ్వలు రాలే. ఇంతల ఒక పెద్దమనిషి వచ్చి గది నా బర్రే అన్నడు. ఆయనది కాదని తాతకు తెలుసు. నలుగురిల ఒకసారి నాదే అనుండ్రి అన్నడు తాత. ఆయన అన్నడు. ఇగ తాత ఏం చేసిండంటే..."

"చెల్లె, నీ బర్రె ముచ్చట మల్ల ఇంట. ఆ లైటు జర ఇటు తిప్పు. నా మొకం మీద వడాలె. ఆ, గట్ల. నీ చానల్లనే పెడ్దాం లైవ్, నీ ఫోన్లనే. అందరు ఆడనే చూసిన్రు కదా."

"పెట్టిన సార్. నడుస్తుంది."

"నువ్వు మొదలువెట్టు."

"అందరికి నమస్తే. నేను క్యాథరిన్‌ను, కాగజ్‌నగర్. పక్కన భానుప్రసాద్ సార్ ఉన్నరు. మూడు నోర్ల జీవి ఎవలదో సారే చెప్తరు."

"మిత్రులారా, నమస్కారం. ఈ మూడు నోళ్ల జీవి సంపూర్ణంగా నా సృష్టి. దాని రూపం నాది, దాని నడక నాది, దాని ప్రతి మాటా నాదే. ఈ చెల్లెలు తెలియక వాడుకుంది. నేను పెద్ద మనసుతో క్షమిస్తున్నాను."

"సార్, అది పత్తి మార్కెట్ల దిగుతది కదా. గది గూడ మీ ఆలోచనేనా?"

"పత్తి... అవును. పత్తి మార్కెట్. నాదే."

"పత్తి మీద చెయ్యి పెట్టకముందే మొదటి నోటితోని తేమ, తేమ అంటది. ధర తగ్గిస్తది."

"తేమ. అవును. అది చాలా లోతైన ప్రతీక. నాదే."

"రెండో నోటితోని మింగుతది. మూడో నోటితోని, రైతు సచ్చిపోతే అందరికంటే ముందు పోయి ఏడుస్తది, మనోడే, మనోడే అనుకుంట."

"అక్షరం అక్షరం నాదే."

"చేతి ఉంగరం తిప్పుకునుడు?"

"అది మరీ నాది. ఎన్నో ఏళ్ల క్రితమే ఊహించిన ఉంగరం అది."

"అయితే ఆ జీవి ఏమన్నా, ఎవల్నన్నా, అన్నది మీరే అన్నట్టు."

"నేనే. సందేహం లేదు. ఇప్పుడు నువ్వు చెప్పమ్మా."

"సార్ చెప్పింది ఇన్నరు కదా. జీవి సార్‌దే."

"ధన్యవాదాలు, నమస్కారం. ...ఇగ చాలు. తీసెయ్యి."

"ఫోన్ బోర్లేసిన సార్."

"మంచిగ చెప్పిన కదా? గా తేమ సంగతేంది, నాకు సమజ్ కాలే. యాడికెళ్లి తెచ్చినవు?"

"మీకు బోథ్ దిక్కు ఎవలు తెల్వదా సార్?"

"నేనెన్నడు పోలే అటు."

"గందుకే సమజ్ కాలే. బోథ్‌ల భూమన్న పటేల్ అని ఉంటడు. పత్తిల గింజ తీసే జిన్నింగ్ మిల్లు ఆయనది. రైతు పత్తి బండి తెస్తే బండి దిక్కు చూడకుండనే తేమ అంటడు. ఉంగరం తిప్పుకుంట అంటడు. రైతు సస్తే అందరికంటే ముందు పోయి శవం మీద వడి ఏడుస్తడు. మనోడే, మనోడే అనుకుంట."

"అంటే..."

"అంటే ఆ జీవి పటేలే అని అందరు అంటున్నరు సార్."

"నాకు గిది ముందే ఎందుకు చెప్పలే?"

"మీ జీవి కదా. మీకు తెలుసనుకున్న."

"చెల్లె."

"పటేల్ మనుషులు మా ఇంటికొచ్చిన్రు. ఎవడు పుట్టిచ్చిండు దీన్ని అని. నేను మీరు కొట్టిన స్ట్రైక్ చూపిచ్చిన. ఇగో చూడుండ్రి, నాది కాదు, కరీంనగర్ల పెద్ద రచయిత ఉన్నడు, ఆయనదని ఆయనే దావా చేసిండు అన్న. వాళ్లు నమ్మలే. ఆయన నోటితోని ఇంటేనే నమ్ముతమన్నరు."

"అయితే గీ లైవ్..."

"ఇన్నరు సార్. ఇప్పుడు ఇన్నరు."

"నాకా పటేల్ ఎవడో తెల్వదు."

"ఆయనకు మీరు తెలిసిన్రు."

"పోలీసులకు ఫోన్ చేస్త."

"చెయ్యుండ్రి. ఏమని చెప్తరు? నా జీవి పటేల్‌ను తిట్టింది, నన్ను కాపాడుండ్రి అంటరా?"

"నువ్వు చెప్పు వాళ్లకు. గది నీదేనని చెప్పు."

"ఎట్ల చెప్త సార్? ఇంతకుముందే మీదని చెప్పిన. ఒకరి సొమ్ము నాదనుకునే అలవాటు మా ఇంట్ల లేదు."

"కింద బండి ఆగినట్టుంది కదా?"

"ఆగింది."

"ఎవలు?"

"బర్రె ముచ్చట సగంల ఆపిన్రు సార్. చెప్పాల్నా?"

"ఇప్పుడు బర్రె ముచ్చటేంది తల్లీ."

"పెద్దమనిషి నలుగురిల నాదే అన్నడు కదా. అన్నంక తాత ఏమన్నడంటే, సంతోషం దొరా, మీ బర్రె ఊర్ల అందరికంటే పెద్ద మోతుబరి చేను మేసింది, ఆయన కట్టె పట్టుకొని వస్తుండు, ఇగ మీరు మీరు చూసుకోండ్రి అన్నడు."

"పరేషాన్ చేస్తున్నవు నన్ను. నువ్వు కావాల్నని చేసినవు గిదంత. వీడియో పేరుల గ్రహాంతరవాసి అని కావాల్ననే పెట్టినవు."

"పేరు చూసి కొడ్తరని తెలుసు. గందుకే పెట్టిన."

"నా మీద పగ నీకు."

"ఉంది సార్. బాగ ఉంది. పాస్టరు గారు వదిలెయ్ బిడ్డా అన్నడు. మోకాళ్ల మీద కూసోని చూసిన, పోలే. బాపు ఆఖరు బెంచీల తలకాయ దించుకొని కూసున్నది కండ్ల ముంగట్నుంచి పోతలేదు. పాటలు వాడే మనిషి సార్. ఆఖరు బెంచీల పాట సుత వాడలే. మిమ్ముల చూస్తే నాకు జాలి రావాలె అనుకున్న. వస్తలేదు."

"మెట్లెక్కుతున్నరు ఎవలో."

"ఎక్కుతున్నరు."

"ఏం చెయ్యాల్నో చెప్పు. చెప్పు తల్లీ."

"నాది కాదు అనుండ్రి. ఇంటరు వాళ్లు."

"నాది కాదు. ఆ మూడు నోర్ల జీవి నాది కాదు."

"గంతేనా? గది ఒక్కటి కాదంటే ఎవలు నమ్ముతరు? మిగిలినయన్ని మీవైనప్పుడు ఇది సుత మీదే అంటరు."

"గ్రహాంతరవాసి నాది కాదు. కాలయంత్రం నాది కాదు. మరమనిషి, మాయమయ్యే మనిషి, ఏది నాది కాదు. అవి ఒక్కరివి కావు. ఎవలన్నా చెప్పుకోవచ్చు."

"కాయిదం తినే పురుగు?"

"మీ బాపుది."

"బాపుకు పేరుంది సార్."

"ఏలియాది. ఏలియా గారిది."

"మరి దొంగ ఎవలు?"

"బెల్లు కొడ్తున్నరు చెల్లె."

"కొడ్తున్నరు. దొంగ ఎవలు సార్?"

"నేను. నేనే. వీడియోలు సుత చూడలే, పేర్లు చూసి కొట్టుకుంట పోయిన. వాళ్లు తిరుగబడరని తెలిసే కొట్టిన. చాలా?"

"బాపు సంగతి చెప్పలే."

"ఏలియా గారు దొంగ కాదు."

"సంఘ పెద్ద."

"సంఘ పెద్ద ఏలియా గారు దొంగ కాదు. ఆయనను దొంగ అన్న నేనే దొంగను. ఇగ చాలు తల్లీ, నీ కాళ్లు మొక్కుత, వాళ్లకు చెప్పు."

"చాలు సార్. ఇగ బందు పెడ్తున్న."

"ఏంది బందు?"

"లైవ్."

"ఇందాకనే తీసినవు కదా."

"బోర్లేసిన అన్న. బందు పెట్టిన అన్లే. మొకాలు కనవడలే గానీ మాటలన్నీ ఇనవడ్డయి. బాపు కథలు సుత గంతే కదా, వట్టి గొంతే. ఇయ్యాల ఆదివారం సార్. ప్రార్థన అయినంక ఎవ్వలు ఇంటికి పోకుండ్రి అని చెప్పి వచ్చిన. మా సంఘమంత చర్చిల కూసోని ఇంటున్నరు."

"ఇననీ. నా బతుకు పోతే పోయింది. ముందు వాళ్లను ఆపు, తలుపు తియ్యకు."

"తియ్యాలె సార్. అవ్వ ఎండల నిలవడ్డది."

"ఎవలు?"

"మా అవ్వ, ఎలీసబెతు. ఆటో దిగి మెట్లెక్కి వచ్చింది, మోకాళ్ల నొప్పులతోని. బాపు దొంగ కాదనే నోరు ఎట్లుంటదో చూడాల్నన్నది."

"మరి పటేల్ మనుషులు?"

"కంప్యూటర్ల పటేల్ పేరు కొట్టి చూస్తరేమో అనుకున్న సార్. గింత భయంల సుత మీరు చూడలే."

"ఏం చూడలే? ఏమంటున్నవు?"

"బర్రె ముచ్చట ఇంకా జర మిగిలింది. ఆ బర్రె ఏ చేను మేయలే. తాత ఊకనే అన్నడు. పెద్దమనిషి నాది కాదు, నాది కాదు అనుకుంట ఉరికిండట."

"క్యాథరిన్."

"బోథ్‌ల భూమన్న పటేల్ అనేటోడు లేనే లేడు సార్. ఆయన నేను పుట్టిచ్చిన జీవి. నచ్చితే చెప్పుండ్రి, గాయన్ను సుత మీదే అని రాసుకోండ్రి."